మంచం దిగడానికి పట్టిన శతాబ్దం

పందొమ్మిదో శతాబ్దం చివరి పాదంలో యూరప్ ఆసుపత్రులలో శస్త్రచికిత్స జరిగిన పిల్లవాడికి వైద్యులు నమ్మకంగా సూచించిన మందు ఒక్కటే, కదలకుండా పడుకోవడం. ఈథర్ మత్తు 1846లోను, కార్బాలిక్ ఆమ్లంతో గాయంలోని క్రిములను అదుపు చేసే జోసెఫ్ లిస్టర్ పద్ధతి 1867లోను వెలుగు చూసిన తరువాత, అంతకుముందు ఎవరూ తలపెట్టని కోతలకు వైద్యులు సాహసించగలిగారు. అయితే కోత తరువాతి రోజులను గురించిన ఆలోచన పాతదే. కుట్లు పిగిలిపోతాయనే భయంతో రోగిని వారాల తరబడి వెల్లకిలా ఉంచడమే జాగ్రత్త అనిపించుకునేది. పడుకొమ్మన్నంత మాత్రాన పడుకునే స్వభావం పిల్లలది కాదు కనుక వారి విషయంలో ఈ జాగ్రత్త కట్లతో, చట్రాలతో మరింత కఠినంగా అమలయ్యేది.

ఎముకల వైద్యంలో ఈ విశ్రాంతి సిద్ధాంతానికి గట్టి పునాది వేసినవాడు లివర్‌పూల్ వైద్యుడు హ్యూ ఓవెన్ థామస్ (1834–1891). తరతరాలుగా విరిగిన ఎముకలు కట్టే కుటుంబంలో పుట్టి, తరువాత వైద్యవిద్య చదివిన ఆయన నేపథ్యం పుత్తూరు కట్టు పేరు విన్న తెలుగు పాఠకులకు కొత్తగా తోచదు. జబ్బుపడిన కీలుకు విశ్రాంతి నిర్బంధంగా, ఎడతెగకుండా, దీర్ఘకాలం ఇవ్వాలని ఆయన బోధించాడు. ఆనాటి పిల్లల కీళ్లను ఎక్కువగా తినేసినది క్షయ, దానిపై పనిచేసే మొదటి మందు స్ట్రెప్టోమైసిన్ 1940ల దాకా రానేలేదు, కాబట్టి ఆయన బోధను మూఢత్వమని కొట్టిపారేయడం న్యాయం కాదు. పైగా థామస్ తయారుచేసిన ఇనుప కమ్మీల చట్రాలలో కొన్ని కీలును బిగించి ఉంచుతూనే మనిషిని నడవనిచ్చేవి. ఆ తరువాతి తరం వైద్యులు ఆయన చెప్పినదానిలో పడుకోబెట్టే సగాన్నే సులువుగా అందిపుచ్చుకున్నారు. అదే కాలంలో పారిస్‌లో జ్యుస్త్ లూకా-షాంపియోనియేర్ విరిగిన ఎముకకైనా మర్దన, మితమైన కదలిక మేలు చేస్తాయని వాదించినా, ఆ వాదానికి బలం చాలలేదు.

చరిత్రను నిదానంగా పరిశీలిస్తే, పిల్లలను మంచం దింపినది మొదట సిద్ధాంతం కాదు, వసతుల కొరత అని తేలుతుంది. పడకలు చాలకనో, మెట్లు ఎక్కించలేకనో కొందరు చేసిన పనికి శాస్త్రం దశాబ్దాల తరువాత కారణాలు వెతికి పెట్టింది. స్కాట్లాండ్‌కు చెందిన జేమ్స్ నికోల్ ఇందుకు మంచి ఉదాహరణ. గ్లాస్గోలోని పిల్లల ఆసుపత్రికి అనుబంధంగా పేదల కోసం నడిచే బయటిరోగుల విభాగంలో పదేళ్లలో 8,988 శస్త్రచికిత్సలు జరిగాయని ఆయన 1909లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెల్లడించాడు. హెర్నియా, గ్రహణం మొర్రి, వంకర పాదం వంటి వాటికి కోత జరిగిన పసివాళ్లను అదే రోజు తల్లి చేతికిచ్చి ఇంటికి పంపేవారు, ఆ తరువాత నర్సులు ఇళ్లకు వెళ్లి కట్లు చూసేవారు. పరాయి వార్డులో గుక్కపెట్టి ఏడ్చే బిడ్డకన్నా తల్లి ఒడిలో పాలు తాగే బిడ్డ గాయమే భద్రంగా ఉంటుందన్నది ఆయన వాదన. ఇంత పెద్ద అనుభవం అచ్చులో కనిపించినా, కోత జరిగిన రోజే ఇంటికి పంపే పద్ధతి ఆసుపత్రులలో విస్తృతంగా పాతుకోవడానికి మరో అర్ధశతాబ్దానికి పైగా పట్టింది.

నికోల్ చిన్న కోతలు జరిగిన పిల్లలను చూస్తే, ఏళ్ల తరబడి మంచాన పడిన పిల్లల బాధ్యతను తలకెత్తుకున్నది ఆగ్నెస్ హంట్ (1866–1948). బాల్యంలో తుంటి కీలుకు సోకిన చీము జబ్బుతో ఆమె జీవితాంతం కుంటుతూనే నడిచింది, ఊతకర్రల మీద ఆధారపడింది, అయినా నర్సు శిక్షణ పూర్తిచేసి, 1900లో ష్రాప్‌షైర్ ప్రాంతంలోని బాస్‌చర్చ్ గ్రామంలో ఫ్లోరెన్స్ హౌస్ అనే చిన్న ఆశ్రయాన్ని తెరిచింది. ఆ ఇంటి మెట్లు ఎంత నిటారుగా ఉండేవంటే చట్రాలలో కట్టిన పిల్లలను పైకీ కిందికీ మోయడం అసాధ్యమైంది. గత్యంతరం లేక పెరట్లో ఒక వైపు తెరిచి ఉన్న రేకుల పాకలు వేసి వారిని అక్కడే ఉంచారు. ఎండా గాలీ తగిలిన పిల్లలు లోపలి పిల్లలకన్నా త్వరగా తేరుకుంటున్నారని గమనించిన తరువాతే ఆరుబయలు చికిత్స అక్కడ నియమంగా మారింది. తన తుంటి చూపించుకోవడానికి హంట్ వెళ్లిన లివర్‌పూల్ వైద్యుడు రాబర్ట్ జోన్స్ (థామస్‌కు మేనల్లుడి వరస, శిష్యుడు) ఆమె పిల్లలను కూడా చూడడం మొదలుపెట్టి, తరువాత తానే బాస్‌చర్చ్‌కు వచ్చి శస్త్రచికిత్సలు చేశాడు. 1907లో అక్కడ శస్త్రచికిత్స గది వెలిసింది.

హంట్ అసలైన విశేషం శస్త్రచికిత్స గది వెలుపల కనిపిస్తుంది. కోత విజయవంతమైనా ఇంటికి చేరిన పిల్లవాడి కట్టు వదులైతే, చట్రం పొట్టిదైతే, నేర్పిన వ్యాయామం మానేస్తే కాలు మళ్లీ వంగిపోతుందని గ్రహించి, చుట్టుపక్కల ఊళ్లలో అనంతర సంరక్షణ కేంద్రాలు, అంటే ఆసుపత్రి వదిలిన పిల్లలను క్రమంగా పరీక్షించి సాధనాలు సరిచేసే చిన్న శాలలు నెలకొల్పే పద్ధతిని ఆమె తీర్చిదిద్దింది. ఆసుపత్రి 1921లో ఆస్వెస్ట్రీకి తరలింది, 1927లో పక్కనే డెర్వెన్‌లో వికలాంగ యువతకు వృత్తి శిక్షణాలయం వచ్చింది. శస్త్రవైద్యుల పేర్లతో నిండిన ఈ చరిత్రలో నర్సు పేరు వైద్యుడి పేరుతో సమానంగా నిలిచిన ఆసుపత్రి అది, నేటికీ రాబర్ట్ జోన్స్, ఆగ్నెస్ హంట్ పేర్లతోనే నడుస్తోంది.

ఇక పెద్దల వైద్యంలో జరిగిన మార్పు పిల్లల వార్డులకు పక్కదారిన చేరింది. షికాగో వైద్యుడు ఎమిల్ రీస్ 1899లోనే ఉదర శస్త్రచికిత్స జరిగిన రోగులను త్వరగా లేపవచ్చని రాసినా ఎవరూ పెద్దగా వినలేదు. రెండో ప్రపంచయుద్ధంలో పడకలు, నర్సులు కొరవడిన తరువాతే ఆ మాట చెవికెక్కింది. కదలని దేహంలో ఊపిరితిత్తుల అడుగుభాగం ముడుచుకుని కఫం చేరుతుంది, కండరాలు సన్నబడతాయి, పేగుల కదలిక మందగిస్తుంది, ఎముక తన కాల్షియాన్ని రక్తంలోకి వదులుకుంటుంది. ఎముక వేగంగా పెరిగే వయసులో ఈ చివరిది మరీ తీవ్రంగా ఉండవచ్చు. ఎముక విరిగి మంచం పట్టిన 14 ఏళ్ల బాలుడి రక్తంలో కాల్షియం గ్రంథివ్యాధిని తలపించేంతగా పెరిగిన ఉదంతాన్ని అమెరికన్ వైద్యుడు ఫుల్లర్ ఆల్‌బ్రైట్ బృందం 1941లో నమోదు చేసింది.

పిల్లలు లేవకపోవడానికి దేహం ఒక్కటే కారణం కాదని చూపినవాడు జేమ్స్ రాబర్ట్‌సన్. బొడ్డు హెర్నియా శస్త్రచికిత్స కోసం ఎనిమిది రోజులు ఆసుపత్రిలో గడిపిన రెండేళ్ల పాపను ఆయన చిత్రీకరించాడు, ఆ చిత్రం 1952లో వెలువడింది. తల్లిదండ్రుల రాకపోకలపై ఆంక్షలున్న ఆ రోజుల్లో పాప క్రమంగా మౌనంగా, ముభావంగా మారిన తీరును చూసి వైద్యులు నొచ్చుకున్నారు, కొందరు కోపగించారు కూడా. సందర్శన వేళల ఆంక్షలు ఎత్తివేయాలని 1959లో ప్లాట్ నివేదిక బ్రిటిష్ ప్రభుత్వానికి సూచించింది. బుడగలు ఊదించి ఊపిరితిత్తులు విప్పడం, బొమ్మను కాస్త దూరాన పెట్టి రెండడుగులు వేయించడం వంటి నేటి ఫిజియోథెరపీ మెళకువలు పిల్లవాడు భయపడనప్పుడే ఫలిస్తాయి.

భయం తరువాతి అడ్డంకి నొప్పి. నెలలు నిండని శిశువులకు శస్త్రచికిత్సలో తగినంత నొప్పి మందు ఇవ్వని ఆచారం 1980ల దాకా సాగింది. ఫెంటనిల్ ఇచ్చిన శిశువులు మెరుగ్గా కోలుకున్నారని కన్వల్‌జీత్ ఆనంద్ బృందం 1987లో లాన్సెట్ పత్రికలో చూపిన తరువాత ఆ ఆచారం వేగంగా సడలింది. సాధనాల మార్పు కూడా తక్కువది కాదు. పోలియోతో వెన్ను వంగిన పిల్లల కోసం హూస్టన్ వైద్యుడు పాల్ హారింగ్టన్ రూపొందించిన ఉక్కు కడ్డీలు 1960లలో నెలల తరబడి పిండికట్టును కోరాయి. 1980లలో వచ్చిన దృఢమైన బిగింపులు ఆ కట్టు అవసరాన్ని చాలావరకు తొలగించాయి, నేడు అలాంటి శస్త్రచికిత్స జరిగిన పిల్లలను ఒకటి రెండు రోజులలోనే నిలబెడుతున్నారు.

వసతుల కొరత వల్ల కాక, నేరుగా ఆలోచన వల్ల కదలికను ఎంచుకున్నవాడు టొరంటో పిల్లల ఆసుపత్రి వైద్యుడు రాబర్ట్ సాల్టర్ (1924–2010). కీలు చివరలను కప్పే మృదులాస్థికి రక్తనాళాలు ఉండవు, కీలు కదిలినప్పుడు అటూ ఇటూ ఊరే ద్రవమే దానికి ఆహారం. అందువల్ల ఎడతెగని కదలిక దానిని మాన్పగలదని ఊహించి 1970 నుంచి కుందేళ్లపై ప్రయోగాలు చేసిన ఆయన, కీలును యంత్రంతో నెమ్మదిగా వంచుతూ చాచే పద్ధతిని రూపొందించాడు. పెద్దల మోకాలి మార్పిడి తరువాత ఆ యంత్రం వల్ల కలిగే అదనపు లాభం స్వల్పమేనని తరువాతి పరిశీలనలు తేల్చడంతో దాని వాడుక కుంచించుకుపోయింది. విశేషమేమిటంటే, పుట్టుకతో తుంటి కీలు తొలగిన పిల్లల కోసం కటి ఎముకను కోసి తిప్పే మరో శస్త్రచికిత్సకూ సాల్టర్ పేరే ఉంది, 1961లో ఆయన ప్రకటించిన ఆ పద్ధతిలో చిన్నపిల్లలను నడుము నుంచి కాలిదాకా పిండికట్టులో సుమారు ఆరు వారాలు ఉంచాలి. కోసి తిప్పిన ఎముక అతుక్కోవడానికి ఆ వ్యవధి తప్పదు. ఆ రోజులలో కట్టు బయట ఉన్న పాదాన్ని, వేళ్లను, చేతులను ఆడించడం, కట్టు తీసిన తరువాత పిల్లవాడు తనంతట తానే తుంటిని వంచి పాకేదాకా బలవంతం చేయకుండా వేచి ఉండడం ఫిజియోథెరపిస్టు పని.