నిలువు వరస నుంచి ఉత్తరం దాకా: చిరునామాల జాబితా కథ

ఉగాది వస్తోందంటే మన సంఘాల్లో ఎవరో ఒకరి నెత్తిన పడే పని ఒకటుంది. కార్యదర్శిగారు ఎక్సెల్ ఫైలొకటి పంపించి, "ఇందులో అందరి ఈమెయిళ్ళూ ఉన్నాయండీ, కాస్త ఆహ్వానం కొట్టేయండి" అంటారు. అమెరికాలో మేముండే ఊళ్ళో కొన్నేళ్ళుగా ఆ పని నాది. నిలువుగా ఉన్న వరసని అడ్డంగా పరచి ఉత్తరానికి తగిలించడమేగా అనిపిస్తుంది. నిజానికి దీని వెనక నూరేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. ఈ వారం ఆ కబుర్లు చెప్పుకుందాం.

పదిమందికి ఒకే ఉత్తరం పంపడమనే బాధ కంప్యూటర్లకంటే పాతది. అమెరికాలో జోసెఫ్ డంకన్ అనే ఆయన 1896లో అడ్రసోగ్రాఫ్ అనే యంత్రానికి పేటెంటు పొందాడు. తర్వాత తర్వాత దానికి ఒక్కో చందాదారుడికీ ఒక్కో రేకు తయారయ్యేది. రేకు మీద ఉబ్బెత్తుగా పేరూ, వీధీ, ఊరూ. ఎవరైనా ఇల్లు మారితే ఆ ఒక్క రేకు తీసేసి కొత్తది పెడితే చాలు. మనం ఇప్పుడు పట్టికలో ఒక అడ్డు వరస మార్చడం కూడా ఆ పనే. 1963 జులై 1న జిప్ కోడ్ వచ్చింది. 1965లో వలస చట్టం మారాక మనవాళ్ళు ఇక్కడికి రావడం పెరిగింది. 1977లో న్యూయార్కులో ఉత్తర అమెరికా తెలుగువాళ్ళ మొదటి మహాసభ జరిగింది. అప్పటికి ఇళ్ళల్లో ఈమెయిలు లేదు. టెలిఫోనూ, స్టాంపు అంటించిన కవరూ, అంతే.

అయితే ఈమెయిలు అప్పటికే పుట్టి ఉంది. 1971లో రే టామ్లిన్సన్ ఒక కంప్యూటరు నుంచి ఇంకో కంప్యూటరుకి ఉత్తరం పంపి, మనిషి పేరుకీ యంత్రం పేరుకీ మధ్య ఆ సున్నా చుట్టిన ఏ అక్షరాన్ని పెట్టాడు. పట్టిక సంగతి వేరు. డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ కలిసి చేసిన విజికాల్క్ 1979లో ఆపిల్ కంప్యూటరు మీద వచ్చింది. 1983లో లోటస్, 1985లో మెకింటాష్ మీద ఎక్సెల్. ఇవి లెక్కల కోసం పుట్టినవి. జమాఖర్చులు రాసుకునే గడుల్లో మనుషుల పేర్లు రాసుకోవడం జనం తర్వాత తెచ్చిపెట్టుకున్న అలవాటు. అందుకే పట్టికకి ఉత్తరం సంగతి తెలియదు, ఉత్తరానికి పట్టిక సంగతి తెలియదు. మధ్యలో వియ్యం కుదర్చాల్సింది మనమే.

ఆ వియ్యం కుదరకపోతే ఏమవుతుందో 1978 మే నెలలో తెలిసింది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీలో పనిచేసే గ్యారీ థ్యూర్క్, అచ్చయిన ఆర్పానెట్ డైరెక్టరీలోంచి చిరునామాలు తీయించి, మా కొత్త కంప్యూటర్లు చూడ్డానికి రండంటూ దాదాపు 400 మందికి ఒకే ఉత్తరం పంపాడు. చిరునామాల గడి నిండిపోయి, మిగిలినవి ఉత్తరంలోకే ఒలికిపోయాయి. పైగా అడగని ఉత్తరం వచ్చిందని బోలెడు ఫిర్యాదులు. ఇప్పుడు దాన్నే మొదటి చెత్త ఈమెయిలు అంటున్నారు.

1982లో డేవిడ్ క్రాకర్ రాసిన ప్రమాణపత్రం ఉత్తరం పై భాగం ఎలా ఉండాలో ఖాయం చేసింది. ఒక చిరునామాకీ ఇంకోదానికీ మధ్య కామా పెట్టాలన్నది అందులోదే. ఇక్కడ మన తెలుగువాళ్ళకో చిక్కుంది. ఆ ప్రమాణం ప్రకారం పేరులో చుక్క ఉంటే పేరు మొత్తాన్ని కొటేషను గుర్తుల్లో పెట్టాలి. మనకేమో ఇంటిపేరుకో చుక్క, తాతగారి పేరుకో చుక్క, ఇష్టదైవానికో చుక్క! అందుకని పేర్లు పక్కన పెట్టి, ఉత్త చిరునామాలే తీసుకోవడం సుఖం. అవుట్‌లుక్ వాడేవాళ్ళు ఇంకోటి గమనించాలి. ఇంటిపేరు, కామా, సొంతపేరు అని రాసే అలవాటు ఇక్కడ ఉండడంవల్ల అది మామూలుగా కామాకి బదులు సెమికోలను అడుగుతుంది.

పని చేసే పద్ధతి చెబుతాను. ముందు ఫైలుకి నకలు తీసుకుని, అసలుని ముట్టుకోకండి. ట్రిమ్ అనే సూత్రంతో చిరునామాలకి ముందూ వెనకా ఉన్న ఖాళీలు తీసేయండి. రెండుసార్లు పడ్డవాటిని ఏరేయండి. ఎక్సెల్ 2007 నుంచి దానికి మీటే ఉంది. ఆపైన టెక్స్ట్‌జాయిన్ సూత్రంతో కామా పెట్టి కలపండి. పాత ఎక్సెల్ అయితే వరసని వర్డులో అతికించి, పేరా గుర్తు ఉన్నచోటల్లా కామా వచ్చేలా మార్చండి. వచ్చిన జాబితాని బీసీసీ గడిలో పెట్టండి. టైపు మిషను రోజుల్లో కార్బను కాగితం పెట్టి తీసిన నకలు ఎవరికి వెళ్ళిందో మిగతావాళ్ళకి తెలియకుండా చేసేవారు. ఆ పేరే ఈ గడికి మిగిలింది.

ఇంతవరకూ యంత్రం సంగతి. అసలు విషయం జాబితాలో ఎవరున్నారన్నది. మా సంఘం పట్టిక మొదలైనప్పటినుంచీ ఇంటికొక వరస. దాదాపు ప్రతి వరసలోనూ ఇంటాయన చిరునామాయే. అచ్చు డైరెక్టరీల్లో ఇంటి పెద్ద పేరుతో ఒక్క పంక్తి ఉండేది, అదే గడుల్లోకి దిగింది. భర్త పోయిన ఒక పెద్దావిడ ఓసారి నాతో అన్నారు: "ఆయన పోయిన ఏడాదికి ఆ ఈమెయిలు ఆగిపోయింది బాబూ. నా స్నేహితురాలు పోయిన కబురు నాకు పదిరోజులకి తెలిసింది. ముప్ఫై ఏళ్ళు మీ సంఘానికి పులిహోర కలిపాను, మీ కాగితంలో మాత్రం నేనెప్పుడూ లేను." నేను, "అలాగేనమ్మా, మీ పేరు ఇవాళే రాస్తాను" అన్నాను. ఆ సంవత్సరం కమిటీవాళ్ళం కూర్చుని, ఇంటికొక వరస తీసేసి మనిషికొక వరస చేశాం. ఫోను చేసి ప్రతివారినీ విడిగా అడిగాం. రెండు నెలలు పట్టింది.

అలా అడగడం ముఖ్యమండీ. 1986లో పారిస్‌లో చదువుకుంటున్న ఎరిక్ థామస్ లిస్ట్‌సెర్వ్ అనే ప్రోగ్రాము రాశాడు. అంతకుముందు ఆ బిట్‌నెట్ జాబితాల్లో పేర్లు చేర్చాలన్నా తీసేయాలన్నా ఒక మనిషి చేత్తో చేయాల్సివచ్చేది. ఈయన ప్రోగ్రాముతో ఎవరికి వారే చేరొచ్చు, ఎవరికి వారే వెళ్ళిపోవచ్చు. 2003లో అమెరికా చేసిన చట్టం కూడా వ్యాపార ఉత్తరాలు వద్దన్నవారి పేరు పది పనిదినాల్లో తీసేయాలంది. మనవి వ్యాపార ఉత్తరాలు కాకపోవచ్చు, మర్యాద మాత్రం ఒకటే. ఉగాది కబురు కోసం ఇచ్చిన చిరునామా ఇళ్ళస్థలాలు అమ్మేవారి చేతికి వెళ్ళకూడదు. అది మన దగ్గర దాచుకోమని ఇచ్చిన సొమ్ము లాంటిది.

వచ్చేవారం ఎవరైనా మీకు ఆ ఫైలు పంపితే, కామాలు పెట్టేముందు ఒక్కసారి పైనుంచి కిందదాకా చదవండి. ఎవరు లేరో చూసి, వాళ్ళకి ఫోను చేయండి. సెలవు.