బాగున్న స్ప్రింగులకు బిల్లు

బండికి బ్రేకులు అరిగాయి. అంతకు మించి దానికి ఏ జబ్బూ లేదు. ఇంత కచ్చితంగా చెప్పడానికి కారణం ఉంది. అరిగిన బ్రేకులున్న కారును ఏరి తెచ్చి, మిగతా భాగాలు బాగున్నాయో లేదో ముందే పరీక్షించుకుని, మామూలు కస్టమరు వేషంలో తమ మనిషిని ఎక్కించి షాపుకు పంపింది సాక్షాత్తూ కాలిఫోర్నియా ప్రభుత్వం.

ఇలా బళ్లు పంపడం మొదలైంది 1990 డిసెంబరులో. షాపు కూడా సందు చివరి రేకుల షెడ్డు కాదు, సియర్స్. అమెరికాలో తాతల నాటి నుంచి కేటలాగు చూసి కుట్టుమిషన్ మొదలు ఇల్లు కట్టుకునే సామాను దాకా తెప్పించుకున్న కంపెనీ. ఒక్క కాలిఫోర్నియాలోనే దానికి 72 ఆటో సెంటర్లుండేవి. తక్కువ ధరకే బ్రేకులు మారుస్తామంటూ పేపర్లలో ప్రకటనలు, కూపన్లు. అవి చూసి జనం వెళ్లేవారు.

శాన్‌ఫ్రాన్సిస్కోకు తూర్పున కాంకర్డ్ అనే ఊళ్లో జరిగిన ఘటన ఇది. కింది మాటలు, హావభావాలు నేను నాటకీకరించినవి. మార్చాలన్న భాగాల జాబితా మాత్రం ఆ కారును పంపిన రాష్ట్ర ప్రభుత్వ విభాగం, బ్యూరో ఆఫ్ ఆటోమోటివ్ రిపేర్, చేసిన అభియోగాల్లోనిదే.

"సార్, మీ బండి లిఫ్ట్ మీదుంది. ఒక్కసారి ఇలా వచ్చి చూస్తారా?"

"బ్రేకులకే కదా ఇచ్చాను?"

"బ్రేకులు ఎలాగూ మారుస్తాం. స్ప్రింగులు కూడా పోయాయి సార్, ముందువీ వెనకవీ. కంట్రోల్ ఆర్మ్ బుష్‌లు కూడా మార్చాలి. ఇదిగో, చూడండి."

కస్టమరుతో మాట్లాడుతున్న సర్వీస్ అడ్వైజర్ సైగ చేయగానే మెకానిక్ ఒక ఇనుప రాడ్డు పెట్టి బుష్‌ను ఎత్తి ఒత్తాడు. అది కాస్త కదిలింది. కదలాలనే దాన్ని రబ్బరుతో చేస్తారు, రోడ్డు మీది కుదుపు బండి బాడీకి తగలకుండా. ఆ సంగతి తెలియనివాడి కంటికి మాత్రం అది ఊడిపోతున్నట్టే ఉంటుంది.

"నడుపుతుంటే నాకేం తేడా తెలియలేదే?"

"ఇప్పుడు తెలియదు సార్. ఫ్రీవే ఎక్కాక తెలుస్తుంది. ఆపైన మీ ఇష్టం, చెప్పడం వరకే మా వంతు."

మామూలు కస్టమరైతే ఇంకేం అంటాడు? తలెత్తి చూస్తే తన బండి పొట్ట, అందులో పేరు తెలియని పాతిక భాగాలు. ఇంట్లో పిల్లలున్నారు. రేపు పొద్దున్నే ఇదే బండిలో ఆఫీసుకు వెళ్లాలి. వద్దని తీసుకెళ్లి దారిలో ఏదైనా జరిగితే ఆ పాపం ఎవరిది? కాగితం మీద సంతకం పెట్టేస్తాడు. ఇంటికొచ్చాక బిల్లు చూసుకుంటే మనసు పీకుతుంది. ఆ పీకుడుకు రుజువు లేదు. తీసేసిన స్ప్రింగు అప్పటికే తుక్కులో కలిసిపోయి ఉంటుంది. అది బాగుందో లేదో ఇక ఆ దేవుడికే తెలియాలి.

సంతకం పెట్టిన మనిషి ప్రభుత్వ ఏజెంటు కాబట్టి ఈసారి లెక్క తేలింది. ఆ ఒక్క బండి మీద అక్కర్లేని పనులకు 550 డాలర్లకు పైగా అదనంగా రాశారని బ్యూరో తేల్చింది. అన్నిటికన్నా పెద్ద బిల్లు అదే కావచ్చు, ఒంటరి బిల్లు మాత్రం కాదు. ఏడాది పాటు 27 సెంటర్లకు 38 సార్లు బళ్లు పంపితే 34 సార్లు అక్కర్లేని పని అంటగట్టారు. సగటున ఒక్కో బండికి 200 డాలర్లకు పైనే. ఒకరిద్దరు మెకానిక్‌ల కక్కుర్తి అనుకుని సరిపెట్టుకోగలిగిన లెక్క కాదిది.

ఆ బ్యూరో గురించి ఇక్కడ చెప్పుకోవాలి. బ్యూరో ఆఫ్ ఆటోమోటివ్ రిపేర్ 1971లో చేసిన చట్టంతో పుట్టింది. ఆ చట్టం ప్రకారం పని మొదలుపెట్టే ముందే ఖర్చు అంచనా రాతపూర్వకంగా ఇవ్వాలి. ఒప్పుకున్నదానికి మించి ఖర్చయ్యేట్టుంటే మళ్లీ అడగాలి. వర్క్ ఆర్డర్ రాయించేటప్పుడే కస్టమరు కోరితే, తీసేసిన పాత పార్టులు తిరిగివ్వాలి. కాలిఫోర్నియాలోని శాన్ రామోన్‌లో, ఫ్రీమాంట్‌లో కాపురముంటున్న మన తెలుగు పిల్లలకూ వర్తించే హక్కులివి. వాళ్లలో ఎంతమందికి తెలుసో! పార్టులు పారేశాక అడిగితే లాభం లేదు, ముందే అడగాలి. ఇక్కడ మన ఊళ్లలో వినియోగదారుల కమిషన్ ఉంది, నిజమే. కానీ అక్కడ రుజువు మోసుకెళ్లాల్సింది మోసపోయినవాడే. బండి పొట్టలో ఏముందో తెలియదు కాబట్టే మోసపోయిన మనిషి రుజువెక్కణ్నుంచి తెస్తాడు? సియర్స్ కేసులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది అందుకే బ్యూరో చేసిన పని. అనుమానపడ్డ జనం బ్యూరోకు ఫిర్యాదులు రాశారు. ఆ ఫిర్యాదులు పెరుగుతూ పోతుంటే 'మీ దగ్గర సాక్ష్యం ఉందా' అని బ్యూరో వాళ్లను ఎదురడిగి ఊరుకోలేదు. సాక్ష్యం సంపాదించే బాధ్యతను తానే నెత్తికెత్తుకుంది.

ఇప్పుడు కౌంటరుకు అవతలి వైపుకు వద్దాం. "చెప్పడం వరకే మా వంతు" అన్న ఆ సర్వీస్ అడ్వైజర్ దుర్మార్గుడా? నేనలా అనుకోను. అమ్మకాలు తగ్గి ఇబ్బంది పడుతున్న సియర్స్ ఆ రోజుల్లో ఆటో సెంటర్ల జీతాల పద్ధతి మార్చింది. మెకానిక్‌లకు ఇంత పని చేసి తీరాలని లెక్క పెట్టారు. అడ్వైజర్లకు అమ్మకం మీద కమీషన్, ఆపైన కోటా. షిఫ్టుకు ఇన్ని స్ప్రింగులు, ఇన్ని షాక్ అబ్జార్బర్లు, ఇన్ని అలైన్‌మెంట్లు అమ్మాలి. అమ్మకపోతే పని గంటలు కోస్తారని, బదిలీ చేస్తారని ఉద్యోగులు బయటపెట్టారు. రోజుకు 16 ఆయిల్ ఛేంజ్‌ల కోటా అందుకోలేకపోయినందుకు తనను తీసేశారని ఒక మెకానిక్ చెప్పుకున్నాడు.

స్ప్రింగుకు కోటా పెట్టడమేమిటో ఒక్క క్షణం ఆలోచించండి. కాయిల్ స్ప్రింగు బ్రేక్ ప్యాడ్‌లా నడిచిన మైళ్ల లెక్కన అరిగిపోయే వస్తువు కాదు. ఏ రోజు ఎన్ని బళ్లు విరిగిన స్ప్రింగుతో వస్తాయో ఎవరూ ముందుగా చెప్పలేరు. అయినా షిఫ్టుకు ఇన్ని అమ్మాలని పై నుంచి హుకుం వచ్చిందంటే, ఆ రోజు వచ్చిన బాగున్న బళ్లలోనే జబ్బు వెతకమని చెప్పినట్టే కదా. జనాన్ని భయపెట్టిన పాపంలో పెద్ద వాటా ఆ అంకెలు వేసినవాళ్లదే.

1992 జూన్‌లో రాష్ట్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ డైరెక్టర్ జిమ్ కాన్రన్ విషయం బయటపెట్టారు. మొత్తం 72 సెంటర్ల లైసెన్సులూ రద్దు చేయాలన్నది రాష్ట్రం పట్టు. సియర్స్ మొదట ఇదంతా రాజకీయమని కొట్టిపారేసింది. చెడిపోకముందే మార్చడం ముందుజాగ్రత్త, దాన్ని మోసమంటే ఎలా అని కూడా వాదించింది. ఆ వాదనలో కొంత నిజం లేకపోలేదు. పాడవబోతున్న భాగాన్ని ముందే మార్చమనే మంచి మెకానిక్‌లు ఎక్కడైనా ఉంటారు. అయితే మంచి మెకానిక్ 'ఇప్పటికి బాగానే ఉంది, ఇంకొన్నాళ్లు వస్తుంది, మార్చుకుంటే మంచిది' అంటాడు. పోయిందని అబద్ధం ఆడడు. బ్యూరో పంపిన బళ్లలో ఆ భాగాలు బాగానే ఉన్నాయి.

కాలిఫోర్నియా వెనకాలే న్యూజెర్సీ కూడా సియర్స్ మీద ఆరోపణలకు దిగింది. 40కి పైగా రాష్ట్రాల నుంచి ఫిర్యాదులు వచ్చిపడ్డాయి. జూన్ 22న సియర్స్ అధిపతి ఎడ్వర్డ్ బ్రెన్నన్ విలేకరుల ముందుకొచ్చారు. తాము పెట్టిన కమీషన్లు, లక్ష్యాల వల్లే పొరపాట్లకు చోటు దొరికిందని, దానికి బాధ్యత యాజమాన్యానిదేనని ఒప్పుకున్నారు. అడ్వైజర్ల కమీషన్, వస్తువుల వారీ కోటాలు ఎత్తేస్తున్నామని ప్రకటించారు. మోసం చేశామని మాత్రం కంపెనీ ఒప్పుకోలేదు.

సెప్టెంబరులో రాజీ కుదిరింది. కాలిఫోర్నియాతో లెక్క తేల్చుకోవడానికి సియర్స్‌కు 80 లక్షల డాలర్ల దాకా అయింది. 1990 ఆగస్టు 1 నుంచి 1992 జనవరి 31 దాకా స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, బ్రేక్ కాలిపర్లు వంటివి మార్పించుకున్న దేశమంతటి కస్టమర్లకు, దాదాపు 9 లక్షల 33 వేల మందికి, తలా 50 డాలర్ల కూపన్ ఇస్తామన్నారు. కాంకర్డ్‌లో ఏజెంటుకు వేసిన అదనపు బిల్లులో అది పదో వంతు కూడా కాదు. పైగా ఆ కూపన్‌ను మళ్లీ సియర్స్‌లోనే ఖర్చు పెట్టుకోవాలి. నమ్మి వెళ్లి జేబు గుల్ల చేసుకున్న మనిషికి ఇవ్వాల్సింది డబ్బు. అదే కంపెనీ గుమ్మం మళ్లీ తొక్కితే తప్ప చెల్లని కాగితం కాదు.