పది సీట్లు, ఒక బడి: డెహ్రాడూన్ సైనిక పాఠశాల చెప్పే భారతీకరణ చరిత్ర

మిత్రులారా, ముందుగా మూడు తేదీలు పక్కపక్కన రాసుకోండి. 1922 మార్చి 10న గాంధీజీని అరెస్టు చేశారు. మార్చి 18న ఆయనకు ఆరేళ్ల జైలుశిక్ష పడింది. ఈ రెండింటి మధ్య, మార్చి 13న, డెహ్రాడూన్‌లో ఒక బడి ప్రారంభమైంది. ప్రారంభించింది వేల్స్ యువరాజు. సహాయ నిరాకరణ ఉద్యమం బహిష్కరించింది ఈయన పర్యటననే. ఆ బడి పేరు ప్రిన్స్ ఆఫ్ వేల్స్ రాయల్ ఇండియన్ మిలిటరీ కాలేజ్. పేరులో కాలేజ్ అని ఉన్నా అది పిల్లల్ని ఇంగ్లండ్‌లోని శాండ్‌హర్స్ట్ సైనిక అకాడమీకి తయారుచేసే సన్నాహక పాఠశాల. నేడు దాన్నే రాష్ట్రీయ ఇండియన్ మిలిటరీ కాలేజ్ (ఆర్‌ఐఎంసీ) అంటున్నాం.

మన పుస్తకాల్లో ఈ బడికి ఒక్క వాక్యమే దక్కుతుంది. కానీ సైన్యం భారతీకరణ ఎందుకంత నెమ్మదిగా సాగిందో అర్థం కావాలంటే ఈ బడి కథ తెలియాలి.

బడికి ముందు

1901లో కర్జన్ ఇంపీరియల్ కేడెట్ కోర్‌ను ఏర్పాటు చేశాడు. సంస్థానాధీశుల, జమీందారుల బిడ్డలకు అందులో శిక్షణ ఇచ్చేవారు. అయితే అక్కడ చదివినవారికి దక్కిన హోదా బ్రిటిష్ అధికారి హోదాతో సమానం కాదు. బ్రిటిష్ సైనికులకు ఆజ్ఞ ఇచ్చే అధికారం వారికి లేదు. మామూలు సైనిక కుటుంబం నుంచి వచ్చినవాడు ఎంత సమర్థుడైనా సుబేదార్, సుబేదార్ మేజర్ వంటి వైస్రాయ్ కమిషన్ పదవుల దగ్గరే ఆగిపోయేవాడు. వాటిలో అతి పెద్ద పదవిలో ఉన్నవాడు కూడా అప్పుడే వచ్చిన బ్రిటిష్ కుర్ర అధికారికి కిందివాడే.

మొదటి ప్రపంచ యుద్ధంలో పది లక్షలకు పైగా భారతీయ సైనికులు, సహాయక సిబ్బంది విదేశాలకు వెళ్లి సేవ చేశారు. ఆ తర్వాత పాత పద్ధతిని సమర్థించుకోవడం కష్టమైంది. 1917 ఆగస్టులో కొద్దిమంది భారతీయులకు కింగ్స్ కమిషన్ ఇచ్చారు. 1918 నుంచి శాండ్‌హర్స్ట్‌లో ఏటా పది సీట్లు భారతీయులకు కేటాయించారు. ఇండోర్‌లోని డాలీ కాలేజీలో కొద్దికాలం నడిచిన కేడెట్ శిక్షణ నుంచే కరియప్ప తరం వచ్చింది.

పది సీట్లతో సమస్య

ఇక్కడ ఆగి ఆలోచించండి. పది సీట్లు ఇచ్చారు, తలుపు తెరిచారు. మరి ఆ తలుపు దాకా ఎవరు నడవగలరు? శాండ్‌హర్స్ట్‌కు వచ్చే ఇంగ్లిష్ కుర్రాడు చిన్నప్పటి నుంచి బోర్డింగ్ బడిలో పెరిగినవాడు. ఆ భాష, ఆ ఆటలు, భోజనాల గదిలో మర్యాదలు, అధికారి ముందు నిలబడే తీరు అన్నీ అతనికి అలవాటే. భారతీయ కుర్రాడు సముద్రం దాటి వెళ్లి ఇవన్నీ కొత్తగా నేర్చుకుంటూనే అదే పరీక్ష రాయాలి. మొదటి బృందాల్లో భారతీయుల వైఫల్యం ఎక్కువగా ఉండటంతో, నాయకత్వ లక్షణాలు భారతీయులకు పుట్టుకతో రావని కొందరు అధికారులు తేల్చేశారు. ‘యుద్ధ జాతుల’ సిద్ధాంతం అప్పటికే వారి చేతిలో ఉంది.

దీనికి జవాబు శాసనసభ నుంచి వచ్చింది. 1921 మార్చిలో ఈషర్ కమిటీ నివేదికపై చర్చ జరిగినప్పుడు సర్ పి.ఎస్. శివస్వామి అయ్యర్ చొరవతో సభ వరుస తీర్మానాలు చేసింది. కొత్త కింగ్స్ కమిషన్లలో కనీసం నాలుగో వంతు భారతీయులకు ఇవ్వాలన్నది అందులో ముఖ్యమైన డిమాండ్. అందుకు అవసరమైన సన్నాహక శిక్షణ దేశంలోనే దొరకాలన్న వాదన కూడా దానితోపాటే ముందుకు వచ్చింది. మరుసటి ఏడాదే, ఒకప్పుడు ఇంపీరియల్ కేడెట్ కోర్ ఉన్న ఆవరణలోనే డెహ్రాడూన్ బడి మొదలైంది.

నడిపినవారు, చదివినవారు

బడి తొలి అధిపతి లెఫ్టినెంట్ కల్నల్ హాటన్, సైనికాధికారి. పద్ధతి అంతా ఇంగ్లిష్ పబ్లిక్ స్కూల్‌దే. పిల్లల్ని విభాగాలుగా పంచడం, పెద్ద విద్యార్థులకు చిన్నవారి బాధ్యత అప్పగించడం, సాయంత్రం ఆటలు తప్పనిసరి చేయడం అన్నీ అక్కడి నుంచి తెచ్చినవే. శాండ్‌హర్స్ట్‌లో అడుగుపెట్టిన రోజున కుర్రాడికి ఏదీ కొత్తగా అనిపించకూడదన్నది ఉద్దేశం. బిడ్డల్ని నల్ల దొరలుగా మారుస్తున్నారన్న విమర్శకు ఆస్కారం ఇచ్చింది కూడా ఈ పద్ధతే.

ఇంకో పరిమితి కూడా ఉంది. ఈ బడికి ఫీజు కట్టగలిగినవారు తక్కువ. సంస్థానాలు, భూస్వాములు, పేరున్న సైనిక కుటుంబాల పిల్లలకే అది ఎక్కువగా అందింది. మామూలు సిపాయిల బిడ్డల కోసం అదే కాలంలో జీలం, జలంధర్ వంటి చోట్ల కింగ్ జార్జ్ సైనిక పాఠశాలలు వేరుగా వచ్చాయి. అంటే ఒక బడి అధికారుల కోసం, ఇంకో బడి కింది పదవుల కోసం. నేటి రాష్ట్రీయ మిలిటరీ స్కూళ్లు ఈ రెండో కోవ నుంచి వచ్చినవి. ఆర్‌ఐఎంసీతో వాటిని కలపకండి.

స్కీన్ కమిటీ ఏం చెప్పింది

1925లో సర్ ఆండ్రూ స్కీన్ అధ్యక్షతన ఇండియన్ శాండ్‌హర్స్ట్ కమిటీ ఏర్పడింది. మోతీలాల్ నెహ్రూ (మధ్యలో వైదొలగారు), జిన్నా, ఫిరోజ్ సెత్నాలతోపాటు మన ఆంధ్ర ప్రాంతం నుంచి దివాన్ బహదూర్ మోచర్ల రామచంద్రరావు అందులో సభ్యులు. అర్హులైన అభ్యర్థులు రాకపోవడానికి కారణం జాతి కాదని, చదువు, అవకాశాల లోటని కమిటీ గుర్తించింది. డెహ్రాడూన్ బడి నుంచి వెళ్లినవారి ఫలితాలు మెరుగ్గా ఉన్నాయని చూసి ఆ బడిని విస్తరించాలని సూచించింది. 1933 నాటికి దేశంలోనే శాండ్‌హర్స్ట్ వంటి అకాడమీ రావాలని, 1952 నాటికి అధికారుల్లో సగం మంది భారతీయులు కావాలని సిఫార్సు చేసింది.

ప్రభుత్వం శాండ్‌హర్స్ట్ సీట్లను పది నుంచి ఇరవైకి పెంచింది. అకాడమీ కాలక్రమాన్ని మాత్రం అంగీకరించలేదు. రౌండ్ టేబుల్ సమావేశం, 1931 చెట్‌వుడ్ కమిటీల తర్వాత 1932లో ఇండియన్ మిలిటరీ అకాడమీ వచ్చింది, అదీ డెహ్రాడూన్‌లోనే. మరోవైపు 1923 నాటి ఎనిమిది యూనిట్ల పథకం భారతీయ అధికారుల్ని కొన్ని దళాలకే పరిమితం చేసింది. బ్రిటిష్ అధికారి భారతీయుడి కింద పనిచేయాల్సిన పరిస్థితి రాకుండా చూడటం అందులోని ఆంతర్యం.

ఒక బడి, రెండు సైన్యాలు

ఫలితం 1947 తర్వాత కనిపించింది. తొలి పరమవీర చక్ర గ్రహీత మేజర్ సోమనాథ్ శర్మ ఈ బడి విద్యార్థి. ఆయన 1947 నవంబరు 3న కశ్మీర్‌లోని బద్గాం దగ్గర మరణించారు. 1957లో భారత సైన్యాధిపతి అయిన జనరల్ తిమ్మయ్య, అదే ఏడాది పాకిస్తాన్ వైమానిక దళాధిపతి అయిన అస్ఘర్ ఖాన్ ఇద్దరూ ఇక్కడ చదివినవారే. 1965 యుద్ధంలో పాక్ వైమానిక దళాన్ని నడిపిన నూర్ ఖాన్ కూడా అంతే.

విద్యార్థులే కాదు, బడిని నడిపే విద్య కూడా సరిహద్దు దాటింది. 1928లో డెహ్రాడూన్‌లో ఉపాధ్యాయుడిగా చేరిన హ్యూ క్యాచ్‌పోల్, 1954లో పాకిస్తాన్‌లోని హసన్ అబ్దాల్ కేడెట్ కాలేజీకి తొలి ప్రిన్సిపల్ అయ్యాడు. మన వైపు 1961 నుంచి సైనిక్ స్కూళ్లు వచ్చాయి. విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక్ స్కూల్ 1962 జనవరిలో మొదలైంది. డెహ్రాడూన్‌లో కొద్దిమందికే అందిన సన్నాహాన్ని రాష్ట్రాలకు పంచే ప్రయత్నం అది.

అయినా గేటు దగ్గర ప్రశ్న తీరిపోలేదు. ఆర్‌ఐఎంసీలో ఆడపిల్లలకు ప్రవేశం దొరికింది 2022లో, అదీ సుప్రీంకోర్టు జోక్యం తర్వాతే. వందేళ్ల బడిలో వారి తొలి బృందం ఐదుగురు.

మీ జవాబులో

భారతీకరణపై ప్రశ్న వస్తే 1917, 1918, 1922, 1923, 1925, 1932 అని తేదీలు వరుసగా పేర్చి వదిలేయకండి. అర్హత, సన్నాహం, అధికారం అనే మూడు మెట్లుగా రాయండి. 1918 అర్హతనిచ్చింది. 1922 కొద్దిమందికి సన్నాహాన్నిచ్చింది. అధికారం ఇవ్వాల్సిన చోట 1923 పథకం అడ్డుకట్ట వేసింది. ఒక మెట్టు ఇచ్చి తర్వాతి మెట్టు ఆపితే సంస్కరణ జరిగినట్టు కనిపిస్తుంది, కానీ పాత వ్యవస్థ కదలదు.

ఇది మీకు పుస్తకంలో విషయం మాత్రమే కాదు. ఊళ్లో తెలుగు మాధ్యమంలో చదివి నగరంలో గది అద్దెకు తీసుకుని తయారవుతున్నవారికి ఆ రెండో మెట్టు ఎంత ఎత్తో బాగా తెలుసు. రేపు మీరు ఏ పాఠశాల, ఏ హాస్టల్, ఏ స్కాలర్‌షిప్ ఫైలు మీద సంతకం పెట్టినా ఈ ప్రశ్న వేసుకోండి: సీటు ఇస్తున్నాం, మరి ఆ సీటు దాకా నడిపించే బడి ఎక్కడుంది?

సాధన ప్రశ్న: "సైన్యం భారతీకరణలో బ్రిటిష్ ప్రభుత్వం అవకాశాన్ని ఇస్తూనే అధికారాన్ని నిరాకరించింది." 1917–1932 పరిణామాల ఆధారంగా విశ్లేషించండి. (250 పదాలు)