గ్రీసు దారుల పక్కన దీపపు గూళ్లు

గ్రీసు కొండదారుల మలుపుల్లో, లోయల అంచుల్లో, ఊరి పొలిమేరల్లో ఇనుప కాళ్ల మీదో సిమెంటు దిమ్మె మీదో నిలిపిన చిన్న చర్చి ఆకారపు గూళ్లు కనిపిస్తాయి. అద్దపు తలుపు తెరిస్తే లోపల ఒక పుణ్యపురుషుని పటం, నూనెలో తేలే వత్తితో గాజు దీపం, దాని వెనుక నూనె సీసా, అగ్గిపెట్టె ఉంటాయి. వీటిని ప్రోస్కినితారి అనీ, దీపాన్ని బట్టి కందిలాకి అనీ పిలుస్తారు. ప్రమాదంలో పోయినవారి పేర కొన్నింటిని కట్టిస్తే, చావు తప్పించుకున్నవారు మొక్కు తీర్చుకుంటూ మరికొన్నింటిని కట్టించారు. పోయినవారి ఫొటో ఉంటే తప్ప ఏది ఎందుకు వెలిసిందో దారిన పోయేవారికి తెలియదు.

వీటి మూలాన్ని ప్రాచీన కాలంలో వెతకడం పండితులకు అలవాటు. క్రీ.పూ. 6వ శతాబ్దం చివర ఏథెన్సులో నిరంకుశ పాలకుడు పిసిస్ట్రాటస్ కొడుకు హిప్పార్కస్ నగరానికీ చుట్టుపక్కల పల్లెలకూ నడుమ దారుల్లో హెర్మీస్ దేవుని శిరస్సు గల రాతి స్తంభాలను నిలిపించాడు, క్రీ.పూ. 4వ శతాబ్దంలో థియోఫ్రాస్టస్ అనే రచయిత చిత్రించిన మూఢభక్తుడు కూడళ్లలోని రాళ్ల మీద నూనె పోసి మొక్కుతాడు. ఈ పోలిక ఆకర్షణీయమైనదే. అయితే ఆధునిక గ్రీకులు ప్రాచీనుల సంతతి కారని ఫాల్మెరాయర్ అనే జర్మన్ చరిత్రకారుడు 1830లో వాదించిన తరువాత, పల్లె ఆచారాల్లో ప్రాచీనతను చూపించడం నికొలావొస్ పొలితిస్ వంటి జానపద పరిశోధకులకు జాతి గౌరవానికి సంబంధించిన పని అయిందన్న సంగతి మరువరాదు. హెర్మీస్ స్తంభం కన్నా గట్టి ఆధారం క్రైస్తవ చరిత్రలోనే ఉంది: పటాలను పూజించవచ్చా కూడదా అని సాగిన వివాదంలో, క్రీ.శ. 787లో నైసియాలో కూడిన మతసభ, పటాలను చర్చిల్లోనే కాక ఇళ్లలోనూ దారుల పక్కనా నిలపవచ్చని తీర్మానించింది.

గూటిలో దీపం వెలగాలంటే సరుకులు కావాలి, అవి ఊరి చిల్లర కొట్టులో దొరుకుతాయి. పందోపోలియో అనే ఈ కొట్లలో పప్పులు, సబ్బుల సరసనే దీపపు వత్తులు, వాటిని నూనె మీద తేల్చే బెండు ముక్కలు, సాంబ్రాణి, దాన్ని వేసే బొగ్గు బిళ్లలు, చెక్కకు అంటించిన అచ్చు పటాలు అమ్ముతారు. వీటిలో చరిత్రకారుని దృష్టి నిలవవలసింది తామా అనే మొక్కుబడి బిళ్ల మీద. అచ్చు మీద పలుచని వెండినో చవక లోహపు రేకునో నొక్కి కన్ను, కాలు, గుండె, పసిబిడ్డ, ఓడ వంటి ఆకృతులను తీస్తారు. కంటి జబ్బు నయం కావాలని మొక్కుకున్నవారు కంటి బిళ్లను కొని పటానికి వేలాడదీస్తారు. తిరుమల హుండీలో వెండి అవయవాలు వేసే తెలుగువారికి ఇందులో వింత ఏమీ ఉండదు. 1823లో మరియమాత పటం బయటపడిన తీనొస్ ద్వీపపు చర్చిలో ఇటువంటి కానుకలు గుంపులుగా వేలాడుతాయి. కొరింథులోని వైద్యదేవత అస్క్లేపియస్ ఆలయంలో మట్టితో చేసిన కాళ్లు, చేతులు, చెవులు తవ్వకాల్లో బయటపడినందువల్ల, ప్రాచీన సంబంధం గురించిన వాదానికి గూళ్ల కన్నా ఈ బిళ్లల విషయంలో బలం ఎక్కువ.

అదే కొట్టులో శిలువ పక్కనే నీలి గాజు దిష్టిపూస, అంటే మాతి, వేలాడుతుంది. దృష్టిదోషం ఉందని ఒప్పుకొని దానికి ప్రార్థన కూడా ఏర్పరచిన చర్చి, పూసను మాత్రం ఆమోదించదు; కొనేవారు రెండింటినీ కొంటారు.

కార్లు పెరిగిన 20వ శతాబ్దపు రెండవ సగంలో దారి పక్క గూళ్లూ పెరిగాయి. 1990ల చివర గ్రీసులో రోడ్డు ప్రమాదాల్లో ఏటా 2,000 మందికి పైగా చనిపోగా, 2020ల తొలి ఏళ్లలో ఆ సంఖ్య 700 లోపుకు దిగింది. అయినా గూళ్లను లెక్కపెట్టి మృతుల సంఖ్యను అంచనా వేయడం సరికాదు. బతికి బయటపడినవారు కట్టించినవీ అందులో కలిసే ఉన్నాయి.