ఓడకేవు కథ

ఏరు దాటించిన పడవవానికిగాని, సముద్రం దాటించిన ఓడవానికిగాని ప్రయాణికుడు ఇచ్చే కూలికి మన పెద్దలు ‘కేవు’ అని పేరు పెట్టినారు. ఆ లెక్క చాలా సులభమైనది. ఆవలి ఒడ్డు చేరినంతనే కేవు ముట్టేది. అంతటితో ఇరువురికీ ఋణం తీరిపోయేది.

నేడు వేడుకకై విహారనౌక ఎక్కేవాని చీటీలో మూడు లెక్కలు కనిపిస్తాయి. మొదటిది గది వెల. ఓడ ఒకటే, సముద్రం ఒకటే, చేరే రేవు ఒకటే. కాని కిటికీ లేని గదికి ఒక వెల, కిటికీ ఉన్న గదికి మరొక వెల, సముద్రం మీదికి వరండా ఉన్నదానికి ఇంకొక వెల. రెండవది పాత ఖాతాదారునకు జరిగే మర్యాద. ఒక కంపెనీ ఓడలలో ఎన్ని రాత్రులు గడిపితే అంత ఎత్తు సభ్యత్వం. ఓడ ఎక్కేటప్పుడు ముందు వరుస, కేవులో కొంత తగ్గింపు, అప్పుడప్పుడు ఒక విందు. మూడవది బక్షీసు. పడక సర్దినవానికి, భోజనం వడ్డించినవానికి ఇవ్వవలసిన ఈనాము.

ఈ మూడింటికీ వేర్వేరు చరిత్రలున్నవి. వాటిని పక్కపక్కన పెట్టి చూచినప్పుడు ఒక ప్రశ్న తప్పక పుడుతుంది. చీటీమీద అచ్చయిన కేవులో చేరని భారాన్ని నిజానికి ఎవరు మోస్తున్నారు? ఆ ప్రశ్నకు సమాధానం వెదకటమే మా నేటి ప్రసంగం ఉద్దేశం.

ముందుగా గది వెల సంగతి. శామ్యూల్ క్యూనార్డు కంపెనీ మొదటి పొగఓడ ‘బ్రిటానియా’ 1840 జూలై 4వ తేదీన లివర్‌పూలు నుండి బయలుదేరినది. ఆ కంపెనీకి ఆధారం టపాల కాంట్రాక్టు; ప్రయాణికులు ఆ తరువాతి లాభం. 1842 జనవరిలో అదే ఓడలో అమెరికా వెళ్లిన చార్లెస్ డికెన్సు తనకు ఇచ్చిన గది ఎంత ఇరుకైనదో తన యాత్రాగ్రంథంలో హాస్యంగా వర్ణించినాడు. పెద్ద కేవు ఇచ్చినవాని పరిస్థితే అది. అట్లాంటికు మీద తిరిగిన వలసఓడలలో తక్కువ ఇచ్చినవారిది ‘స్టీరేజి’, అనగా మొదట్లో చుక్కాని పగ్గాల దగ్గరి చోటు. గాలి, వెలుతురు, ఒంటరితనం అనే మూడు వస్తువులను కొలిచి అమ్మటమే ఓడ వ్యాపారమని అప్పుడే తేలిపోయినది.

1912 నాటికి ఈ అంతస్తులు ఎంత దూరం సాగినవో ‘టైటానిక్’ లెక్కలు చెబుతాయి. మూడవ తరగతి కేవు సుమారు 7 పౌండ్లు. మొదటి తరగతిలో అత్యుత్తమమైన విడిదికి ప్రకటించిన వెల 870 పౌండ్లు. ఆ విడిదిలో సేవచేసే స్ట్యూవర్డు జీతం నెలకు 3 పౌండ్ల 15 షిల్లింగులు. అతడు తన జీతమంతా కూడబెట్టినా ఆ విడిదిలో ఒక్క ప్రయాణం చేయటానికి 19 సంవత్సరాలు పట్టేది. ఓడ మునిగినప్పుడు ఆ అంతస్తులు ప్రాణాల లెక్కలోకి కూడా ప్రవేశించినవి. బ్రిటిష్ విచారణ సంఘం లెక్కల ప్రకారం మొదటి తరగతివారిలో నూటికి 62 మంది, రెండవ తరగతివారిలో 41 మంది, మూడవ తరగతివారిలో 25 మంది బ్రతికినారు. సిబ్బందిలో బ్రతికినవారు 24 మంది మాత్రమే.

మన సముద్రంలో అంతకంటె క్రింది మెట్టు కూడా ఉండేది. అది గదిలేని ప్రయాణం. డెక్కు మీద చాప పరచుకొనే ప్రయాణం. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల నుండి వేలకు వేలుగా మనవారు ‘రంగం’ వెళ్లినది ఇట్లాగే. కేవు చేతిలో లేనివానికి మేస్త్రీ బయానా ఇచ్చి ఓడ ఎక్కించేవాడు. రంగూనులో కూలి చేసి ఆ అప్పు తీర్చుకోవలసి ఉండేది. కోరంగి రేవు పేరుమీదుగా బర్మావారు మనవారిని ‘కోరంగీలు’ అని పిలిచినారు. 1915లో మహాత్ముడు కలకత్తా నుండి రంగూనుకు డెక్కు మీదనే ప్రయాణం చేసి, అక్కడి క్రిక్కిరిసిన జనాన్ని, స్నానపుగదుల మురికిని చూచి ఓడ ఏజెంట్లకు ఫిర్యాదు వ్రాసినాడు. తిరుగు ప్రయాణం కొంత మెరుగుపడినదని ఆయన ఆత్మకథలో ఉన్నది. మహాత్ముడు వ్రాసిన ఉత్తరానికి ఆ మాత్రం ఫలం కలిగినది. వ్రాయనేరని కూలివానికి ఆ దారి కూడా లేదు.

ఈ సందర్భంలో ఒక కట్టుకథను త్రోసివేయటం మంచిది. ఇంగ్లీషులో దర్జాకు వాడే ‘పాష్’ అనే మాట పి. అండ్ ఓ. ఓడల నుండి పుట్టినదని పలువురు చెబుతారు. ఇండియాకు వచ్చేటప్పుడు ఎడమవైపు గది, తిరిగి వెళ్లేటప్పుడు కుడివైపు గది ఎండ తగలక చల్లగా ఉండేవనీ, ఆ నాలుగు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు చీటీల మీద ముద్రవేసేవారనీ కథ. అటువంటి ముద్ర ఉన్న చీటీ ఒక్కటి కూడా ఇంతవరకు దొరకలేదు. నిఘంటుకారులు ఈ వ్యుత్పత్తిని అంగీకరించటం లేదు. అయినా కథ బ్రతికి ఉన్నది. గదిని బట్టి గౌరవమనే భావం మనసులలో అంత లోతుగా నాటుకొన్నది.

ఇక గమ్యం కొరకు కాక, వేడుక కొరకే ఓడ ఎక్కటం ఎప్పుడు మొదలైనది? హాంబర్గు కంపెనీకి చెందిన ఆల్బర్టు బాలిన్ అనే వ్యాపారికి ఒక చిక్కు ఉండేది. చలికాలంలో అట్లాంటికు దాటేవారు తక్కువ. ఓడలు ఊరకే రేవులో నిలిచి ఖర్చు పెంచేవి. 1891 జనవరిలో ఆయన ‘ఆగస్టా విక్టోరియా’ అనే ఓడను మధ్యధరా సముద్రంలో విహారానికి పంపినాడు. ఊరక నిలిచిన ఓడకు కూలి తెప్పించటమే ఆ ఉపాయంలోని రహస్యం. తరువాత 1921, 1924 సంవత్సరాలలో అమెరికా వలసలను అరికట్టే చట్టాలు చేసినది. స్టీరేజి ఖాళీపడినది. కంపెనీలు ఆ చోటునే బాగుచేసి, రంగువేసి, యాత్రికుల తరగతి అని పేరు మార్చి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు అమ్మినవి. 1958లో జెట్ విమానం అట్లాంటికు మీద తిరగటం ప్రారంభించిన తరువాత ఓడకు గమ్యమనే సాకు కూడా మిగలలేదు. 1966 నుండి 1972 వరకు మయామీ రేవులో వెలసిన కొత్త కంపెనీలు ఓడనే గమ్యంగా అమ్మనారంభించినవి.

నాటి సూత్రమే నేటికీ నడుస్తున్నది. రేవు దాటిన తరువాత ఖాళీ పడకకు విలువ సున్న. అందుచేతనే ఒకే గది వెల వారానికొక విధంగా మారుతుంది; తోడులేక ఒంటరిగా వెళ్లేవాడు రెండవ పడక వెలకూడా ఇంచుమించు పూర్తిగా ఇచ్చుకోవలసి వస్తుంది. ఓడ ఎక్కిన తరువాత జరిగే ఖర్చు వేరు.

రెండవది పాత ఖాతాదారుల మర్యాద. ఇది మన కాలపు ఆవిష్కారమని పలువురు భ్రమపడుతున్నారు. 1844లోనే పి. అండ్ ఓ. కంపెనీ థాకరే మహాశయునకు ఉచితంగా చీటీ ఇచ్చి తూర్పు మధ్యధరాకు పంపినది; ఆయన తిరిగివచ్చి ఆ యాత్రను గ్రంథంగా వ్రాసి 1846లో ప్రకటించినాడు. కేవు కంటె కీర్తి లాభసాటి అని కంపెనీ గ్రహించినది. కాని విధేయతకు వెలకట్టే పద్ధతిని శాస్త్రంగా మలచినది మాత్రం మన కలకత్తా వ్యాపారం. 1875లో బ్రిటనుకు, కలకత్తాకు మధ్య తిరిగే ఓడల కంపెనీలు కూటమి కట్టి రేట్లు నిర్ణయించుకొన్నవి. 1877లో అవి ఒక కొత్త కట్టుబాటు చేసినవి. సరకు పంపే వర్తకుడు కొన్ని నెలలపాటు కూటమి ఓడలలోనే పంపితే కేవులో కొంతభాగం అతని పేర జమ అవుతుంది. కాని ఆ సొమ్ము వెంటనే చేతికి రాదు. మరికొన్ని నెలలు కూడా అతడు వేరే ఓడ వంక చూడకుండా ఉంటేనే వస్తుంది. ఒక్కసారి కట్టు తప్పితే జమ అయినదంతా పోతుంది. కానుకవలె కనిపించే ఈ పద్ధతి నిజానికి వర్తకుని సొమ్మునే అతనికి సంకెల చేసినది. 1906లో బ్రిటన్ దీనిపై రాజసంఘాన్ని నియమించినది. 1916లో అమెరికా చట్టం చేసి దీనిని నిషేధించినది.

ఈ సంకెల బలం స్వదేశీ ఓడలకు బాగా తెలిసివచ్చినది. 1906లో వి. ఓ. చిదంబరం పిళ్లై తూత్తుకుడిలో స్వదేశీ నౌకాకంపెనీ స్థాపించి కొలంబోకు ఓడలు నడిపినాడు. పోటీగా బ్రిటిష్ ఇండియా కంపెనీ కేవు తగ్గించుకొంటూ పోయి, చివరకు ఉచితంగా ఎక్కించుకొని పైగా గొడుగు కూడా కానుక ఇచ్చినదని చెబుతారు. 1908లో చిదంబరం పిళ్లై చెరసాల పాలైనాడు. కంపెనీ కొద్ది సంవత్సరాలలోనే మూతపడినది. తరువాత ఉచిత ప్రయాణాలూ లేవు, గొడుగులూ లేవు. 1919 ఏప్రిల్ 5న సింధియా కంపెనీ ఓడ బొంబాయి నుండి లండనుకు బయలుదేరినది. దాని పేరు ‘లాయల్టీ’, అనగా విధేయత. యుద్ధకాలంలో స్వదేశ సంస్థానాధీశుల ఆసుపత్రి ఓడగా ఉన్నప్పటి పేరు అది. చక్రవర్తికి విధేయతను చాటిన పేరు స్వదేశీ వ్యాపారానికి ధ్వజమైనది. నేటికీ ఏప్రిల్ 5వ తేదీని మనం జాతీయ నౌకాయాన దినంగా జరుపుకొంటున్నాము.

నేటి విహారయాత్రికుని సభ్యత్వ చీటీకి ఆనాటి కఠినత్వం లేదు. ఎవరి ఇష్టం వచ్చిన ఓడ వారు ఎక్కవచ్చును. కాని తరువాతి మెట్టు ఇంకా పది రాత్రుల దూరంలోనే ఉన్నదన్న ఆశ మనిషిని మళ్లీ అదే రేవుకు నడిపిస్తుంది. కానుక ఖర్చు కూడా ఎక్కడినుండో రావలెను. క్రొత్తగా వచ్చినవాని కేవులో అది కలిసియే ఉంటుంది.

మూడవ లెక్క బక్షీసు. పెద్ద ఓడలలో స్ట్యూవర్డు జీతం తక్కువగా ఉండటం యాదృచ్ఛికం కాదు. ప్రయాణం చివర ప్రయాణికులు ఇచ్చే ఈనాము ఉన్నదన్న ధైర్యంతోనే కంపెనీలు జీతాన్ని అట్లా ఉంచినవి. టైటానిక్ మునిగిన క్షణం నుండి సిబ్బంది జీతం ఆగిపోయినది. ఇది ఆ కంపెనీ ఒక్కదాని క్రూరత్వం కాదు. 1894 నాటి బ్రిటిష్ నౌకాచట్టం ప్రకారం ఓడతోపాటు నౌకరీ కూడా మునిగేది. 1920లో అంతర్జాతీయ కార్మిక సంస్థ జినోవాలో సమావేశమై, ఓడ మునిగితే నావికునకు రెండు నెలల వరకు జీతం ఇవ్వవలెనని ఒడంబడిక చేసినది.

మన ఖలాసీల పరిస్థితి ఇంకా హీనం. తెల్లనావికునితో ఒకే ఓడలో పనిచేస్తూ అతని జీతంలో చిన్నభాగం మాత్రమే పొందేవారు. పని దొరకటానికి సరంగుకు, దళారికి ముందుగా లంచం ఇచ్చుకోవలసి ఉండేది. 1931లో వెలువడిన రాయల్ కార్మిక సంఘం నివేదికలో కూడా ఈ దురాచారం ప్రస్తావన ఉన్నది. స్ట్యూవర్డు ఈనాము కొరకు చేయి చాచేవాడు. ఖలాసీ తానే ఈనాము ఇచ్చి పనిలో చేరేవాడు.

నేడు పెద్ద అమెరికన్ కంపెనీలు మనిషికి రోజుకు సుమారు 15 నుండి 20 డాలర్ల వరకు బక్షీసును బిల్లులోనే కలుపుతున్నవి. అనేక ఓడలకు పనామా, బహామాస్ వంటి దేశాల జెండాలు ఉండుటచేత యజమాని దేశపు జీతాల చట్టం వాటిమీద చెల్లదు. ఆ లోటును కొంత పూరించుటకు 2006లో నౌకాకార్మిక ఒడంబడిక ఏర్పడి, 2013లో అమలులోకి వచ్చినది. 2015లో మన దేశం దానిని ఆమోదించినది. సమర్థుడైన నావికునకు కనీస మూలవేతనంగా 2025 సంవత్సరానికి నెలకు 673 డాలర్లు సిఫారసు చేసినారు. అది డెక్కు నావికుని పేర కట్టిన కొలత. పళ్లెం అందించే చేతికి ఆ కొలత సూటిగా వర్తించదు. అక్కడ బక్షీసే ఇప్పటికీ జీతంలో పెద్దభాగం.

ఇది మనకు దూరపు సంగతి కాదు. 1948 మార్చిలో ‘జల ఉష’ నీట దిగిన విశాఖపట్నంలోనే 2022 జూన్‌లో విహారనౌక ప్రయాణికులను ఎక్కించుకొని పుదుచ్చేరి, చెన్నై వైపు సాగినది. 2023 సెప్టెంబరులో అక్కడ విహారనౌకల కొరకు ప్రత్యేకమైన ప్రయాణికుల భవనం ప్రారంభమైనది. మన పిల్లలు ఆ ఓడలలో యాత్రికులుగాను, పనివారుగాను కూడా ఎక్కుతారు. పనికి వెళ్లేవారు ఒక సంగతి గట్టిగా గుర్తుంచుకొనవలెను. వైద్యపరీక్ష పత్రం, నావికుని పుస్తకం, పాస్‌పోర్టు వంటివాటి ఖర్చు తప్ప, ఉద్యోగం ఇప్పించినందుకు నావికుని వద్ద సొమ్ము తీసుకొనరాదని ఆ ఒడంబడిక స్పష్టంగా చెబుతున్నది. సొమ్ము అడిగేవాడు పాత సరంగుల దళారికి వారసుడే. ఒప్పందంలో వ్రాసిన జీతమెంత, బక్షీసు మీద ఆధారపడినదెంత అని ముందుగా అడిగి తెలుసుకొనటం వారి హక్కు.

యాత్రికులుగా వెళ్లేవారికి మా మనవి ఒక్కటే. బిల్లులో కలిపిన బక్షీసును కొట్టివేయించుకొని అది మిగిలినదని సంతోషించేవారున్నారు. ఆ పద్దు కంపెనీకి ధర్మంగా ఇచ్చేది కాదు. కంపెనీ కేవులో కలుపక వదలిన కూలి. ఆ కూలిని కేవులోనే చేర్చి నిజమైన వెల ప్రకటించమని కంపెనీలను అడగవచ్చును, అడగవలెను కూడా. అంతవరకు పడక సర్దినవాని ఋణం మాత్రం రేవు దిగేలోపల తీర్చవలసినదే.