ఐటీ ఉద్యోగుల మోచేతి నొప్పి (హైదరాబాద్)

కంప్యూటర్ మీద రోజంతా పనిచేసేవారికి మోచేతి బయటి బొడిపె దగ్గర పుట్టి ముంజేతి మీదుగా మణికట్టు వైపు లాగే నొప్పిని వైద్యులు లేటరల్ ఎపికాండిలైటిస్ అంటారు. వాడుకలో టెన్నిస్ ఎల్బో. మౌస్ పట్టిన చేతికి ఎక్కువగా వస్తుంది. టీ కప్పు ఎత్తినా, తలుపు గడియ తిప్పినా, తడిబట్ట పిండినా కలుక్కుమంటుంది.

ఇది 35 నుంచి 55 ఏళ్ల మధ్య ఎక్కువగా కనిపించే బాధ. హైదరాబాద్ ఐటీ కారిడార్ చరిత్రకూ ఈ వయసుకూ లంకె ఉంది. మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి 1998 నవంబరు 22న ప్రారంభించారు. ఆ రోజుల్లో ఇరవై రెండు, ఇరవై మూడేళ్లకు కొలువులో చేరినవారు ఇప్పుడు యాభైకి అటూ ఇటూ ఉన్నారు. కీబోర్డు మీదే పెరిగి పెద్దదైన మొదటి తరం సరిగ్గా ఈ నొప్పి వయసులో ఉందన్నమాట.

లోపల జరిగేది

మణికట్టును పైకెత్తి నిలిపే కండరాలు చాలావరకు మోచేతి బయటి బొడిపె దగ్గరే ఎముకకు అతుక్కుంటాయి. వాటిలో ఎక్స్‌టెన్సర్ కార్పి రేడియాలిస్ బ్రెవిస్ అనే కండరపు టెండానే (ఎముకకు అతికించే తాడు) ముందుగా దెబ్బతింటుంది. మౌస్ మీద చెయ్యి కదలకుండా ఉన్నట్టే కనిపిస్తుంది గానీ, మణికట్టు కిందికి జారకుండా ఈ కండరం గంటల తరబడి బిగుసుకునే ఉంటుంది. చాలాకాలం ఈ నొప్పికి కారణం వాపు అనుకున్నారు. 1979లో అమెరికన్ సర్జన్ రాబర్ట్ నిర్ష్ల్ శస్త్రచికిత్సలో తీసిన కణజాలాన్ని పరీక్షించి, అది సరిగా మానని అరుగుదల అని చూపారు. నొప్పి మాత్రలు బాధను అణచగలవే గానీ టెండాన్‌ను బాగుచేయలేకపోవడానికి కారణం ఇదే.

కుర్చీతో ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. మోచెయ్యి చాచి, అరచెయ్యి కిందికి ఉంచి, కుర్చీ వీపును పట్టుకుని పైకెత్తాలి. బయటి బొడిపె దగ్గర పోటు వస్తే అనుమానం బలపడినట్టే. చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతుంటే అది వేరే సంగతి. బల్ల అంచుకో కుర్చీ చేతికో మోచెయ్యి ఆనించి కూర్చోవడం వల్ల అల్నార్ నరం నలుగుతుండవచ్చు. మెడ తిప్పినప్పుడు చేతిలోకి పాకే నొప్పికి మూలం మెడలోనే వెతకాలి. మోచెయ్యి ఎర్రబడి జ్వరం వచ్చినా, పట్టు తప్పి వస్తువులు జారిపోతున్నా ఆలస్యం చేయకుండా వైద్యుడికి చూపించాలి.

భారం ఎక్కడిది

కంపెనీలు ముందు కుర్చీ మారుస్తాయి. నిజానికి కుర్చీ కన్నా మౌస్ ఎక్కడుందన్నదే ముఖ్యం. కుడి పక్కన అంకెల మీటలున్న కీబోర్డు మౌస్‌ను దూరానికి నెట్టేస్తుంది, చెయ్యి గాలిలో చాచే ఉంటుంది. అంకెల మీటలు లేని చిన్న కీబోర్డు తెచ్చుకుంటే చాలా ఆఫీసు బల్లల మీద సగం తేడా వస్తుంది. ల్యాప్‌టాప్‌తో ఇంకో చిక్కు. తెర కంటికి సరిపోతే మీటలు చేతికి అందవు, మీటలు అందితే మెడ వంగిపోతుంది. 2020 మార్చి లాక్‌డౌన్ తర్వాత మంచాల మీద, డైనింగ్ టేబుళ్ల దగ్గర నడిచిన ఆఫీసులన్నీ ఈ చిక్కులోనే గడిచాయి. ల్యాప్‌టాప్‌ను ఎత్తు మీద పెట్టి విడిగా కీబోర్డు, మౌస్ వాడటమే దీనికి విరుగుడు. బల్ల ఎత్తు మార్చడం కుదరనప్పుడు పొట్టివారు కుర్చీ పెంచుకుని కాళ్ల కింద పీట వేసుకోవాలి.

అయితే కంప్యూటర్ ఒక్కదాన్నే తప్పుపట్టలేం. బయోడైవర్సిటీ కూడలి ట్రాఫిక్‌లో బైకు క్లచ్ పదేపదే నొక్కే చెయ్యి ఎడమది. కుడిచేత్తో మౌస్ వాడేవాడికి ఎడమ మోచెయ్యి నొప్పెడుతుంటే ముందు అడగాల్సింది బండి గురించే. పీజీ హాస్టల్లో ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్ మెట్లెక్కించడం, రాత్రి జిమ్ములో బరువులు, పడుకుని ఫోను స్క్రోల్ చేయడం, బట్టలు పిండటం... అన్నీ ఆ ఒక్క టెండాన్ ఖాతాలోకే చేరతాయి.

చికిత్స

పది మందిలో ఎనిమిది, తొమ్మిది మందికి ఏడాదిలోపు దానంతటదే తగ్గుతుంది. ఈ మాట చెబితే డెడ్‌లైన్ల మధ్య బతికేవారికి రుచించదు. మొదటి వారాల్లో నొప్పి తెప్పించే పట్టును తగ్గించి, మోచేతికి రెండు వేళ్ల దిగువన బిగించే పట్టీ వాడుకోవచ్చు. తర్వాత టెండాన్‌కు మెల్లగా బలం పెంచాలి. ముంజేతిని బల్ల మీద ఆనించి, అరలీటరు నీళ్ల సీసా పట్టుకుని, రెండో చేత్తో మణికట్టును పైకి లేపి, నొప్పి చెయ్యి ఒక్కదానితో నెమ్మదిగా కిందికి దించాలి. పదిహేనేసి చొప్పున మూడు విడతలు. కొద్దిపాటి నొప్పి ఉన్నా ఫరవాలేదు, మర్నాటికి పెరిగితే బరువు తగ్గించాలి. ఫలితం తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొద్ది వారాలు హాయినిస్తుంది. ఏడాది తర్వాత చూస్తే మాత్రం వేయించుకోనివారే మెరుగ్గా ఉన్నట్టు పరిశోధనల్లో తేలింది. రోగి రక్తం నుంచే తీసి ఎక్కించే పీఆర్‌పీ ఖరీదైనది. దానివల్ల చెప్పుకోదగ్గ మేలు బహుశా లేదని 2021 కోక్రేన్ సమీక్ష తేల్చింది. విరిగిన ఎముకలకు పేరుపడ్డ పుత్తూరు కట్టును దీనికీ కట్టించుకునేవారున్నారు. కానీ చేతిని రోజుల తరబడి కదలకుండా ఉంచితే కీలు బిగుసుకుంటుంది, కండరం చిక్కిపోతుంది. శస్త్రచికిత్స కొద్దిమందికే అవసరం. 2004లో ఇదే నొప్పితో ఆటకు దూరమైన సచిన్ టెండూల్కర్ 2005 మేలో లండన్‌లో ఆపరేషన్ చేయించుకున్నాడు.

చట్టం, బీమా

పనివల్ల ఇలాంటి బాధ రావడం కొత్త సంగతేమీ కాదు. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జిని 1713లోనే రాయసగాళ్ల బాధలకు మూడు కారణాలు చెప్పాడు: కదలని కూర్చోవడం, చేతికి ఒకే తీరు కదలిక, మనసు మీద ఒత్తిడి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010 జాబితాలో బలం పెట్టి పదేపదే చేసే పనివల్ల వచ్చే ఎపికాండిలైటిస్ వృత్తి వ్యాధే. మౌస్ క్లిక్ బలం పెట్టే పని కిందికి వస్తుందా అన్నది మాత్రం వాదనగానే ఉంది. మన 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులోని 29 వ్యాధుల్లో దీనికి చోటు దక్కలేదు. కంపెనీలు ఇచ్చే బృంద బీమా సాధారణంగా ఆసుపత్రిలో చేరితేనే డబ్బిస్తుంది, ఫిజియోథెరపీకి వారాల తరబడి తిరిగే ఖర్చు ఉద్యోగిదే. 2017లో ఉద్యోగుల రాజ్య బీమా (ఈఎస్‌ఐ)కి పెట్టిన వేతన పరిమితి నెలకు 21,000 రూపాయలు. ఆ లోపు జీతమున్న డేటా ఎంట్రీ ఆపరేటర్‌కు సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆసుపత్రిలో ఓపీ వైద్యం దొరుకుతుంది. అదే అంతస్తులో కూర్చునే సీనియర్ ఇంజినీరు అదే నొప్పికి జేబులోంచి కట్టుకుంటాడు.