ఉత్సాహము – దాని తోడిమాటలు

మన భాషలో మాటలు ఒంటరిగా తిరుగవు. ఒక్కొక్క నామమునకు ఇష్టమైన క్రియలు కొన్ని కలవు. తక్కినవానిని అది దరిజేరనీయదు. వేడుక తీరును, ముచ్చట తీరును, ఉబలాటము తీరును. 'ఉత్సాహము తీరినది' అని మాత్రము చదువు రాని పాలికాపు సైతము అనడు. ఉత్సాహము సన్నగిల్లును, చల్లారును, నీరుగారును. ఈ భేదమునకు కారణ మేమి?

వేడుక తెలుగు మాట. అందు కోరిక యున్నది. కోరినది చేజిక్కగానే కోరిక తీరును. ఉత్సాహము సంస్కృతమునుండి వచ్చినది. 'సహ్' ధాతువునకు ఓర్చుట, ఎదిరి నిలుచుట అని యర్థము. అమరసింహుడు దీనికి అధ్యవసాయమని పర్యాయము చెప్పెను, గట్టిపూనిక యన్నమాట. భరతముని వీరరసమునకు స్థాయిభావముగా దీనినే నిలిపెను.

కౌటిల్యుడు రాజునకు మంత్రశక్తి, ప్రభుశక్తి, ఉత్సాహశక్తి యని మూడు శక్తులు చెప్పినాడు. బొక్కసము, దండు గల రాజుకంటె ఉత్సాహవంతుడే మేలని పూర్వాచార్యుల మతము. కౌటిల్యుడు దాని నొప్పుకొనలేదు. కలిమిగలవాడు జీతమిచ్చియైనను, వెల యిచ్చియైనను శూరులను తెచ్చుకొనగలడట! మైసూరు పండితులు శామశాస్త్రిగారు 1909లో అర్థశాస్త్రమును అచ్చువేయించిన పిమ్మటగాని యీ వాదము పెక్కుమందికి చదువ దొరకలేదు. నా మనస్సు మాత్రము పూర్వాచార్యుల పక్షమే. మా యూరి చెరువు పూడిక తీయుటకు తొలినాడు ఊరెల్ల కదలెను. నాలుగవనాటికి వేడుక తీరినవారు ఇండ్లకు పోయిరి. పార విడువక మిగిలినవారికి జీత మెవ్వడిచ్చెను?

మన లాక్షణికులు ఈ మాటను ఒక పద్యమునకును పేరుపెట్టిరి. పాదమునకు ఏడు సూర్యగణములు, తుద నొక గురువు. గణములు చిన్నవి గనుక చదువునప్పుడు నడక వడివడిగా సాగును.

ఇక తెలుగువారు దానికి కూర్చిన క్రియలు చూడుడు. ఉత్సాహము పొంగును, ఉప్పొంగును, ఉరకలు వేయును. ఇది యేటి నడక. ఓర్వలేనివారు దానిపై నీళ్ళు చల్లుదురు, అప్పుడది నిప్పు. ఉవ్విళ్ళ సంగతి మరియు వింత. అవి ఊరును, మరి యే క్రియతోడను పొందు చేయవు. ఆ యొక్క క్రియను పట్టుకొనియే ఆ మాట బ్రతుకుచున్నది.

ముప్పదియేండ్లకు పైగా బడిపిల్లల వ్యాసములు దిద్దితిని. రానురాను అన్నిటికిని 'చూపు' అను క్రియయే తగిలించుచు వచ్చిరి: ఉత్సాహము చూపిరి, ఆసక్తి చూపిరి, కుతూహలము చూపిరి. పొంగినది లోపలినుండి వచ్చును. చూపినది లోపల నున్నదో లేదో యెవరెరుగుదురు? వ్యాకరణము దీనిని తప్పనదు. అయినను ఈ యొక్క క్రియ తక్కినవాని నన్నిటిని ఇంటినుండి వెడలగొట్టుచున్నది. మీ యింటి ముసలమ్మలు ఉబలాటమును, ముచ్చటను, ఉవ్విళ్ళను ఏ మాటలతో కలిపి పలుకుచున్నారో మనుమలచేత వ్రాయించి యుంచుడు.